క్యాన్సర్ వచ్చిన టీచర్ కోసం డబ్బు పోగుచేయాలంటే: ముందు తేల్చాల్సింది ఖర్చు కాదు, లోటు

ప్రశ్న క్లుప్తంగా ఇది. తెలంగాణలో ఒక జిల్లా కేంద్రం. ప్రైవేటు హైస్కూల్లో 24 ఏళ్లుగా హిందీ చెబుతున్న మేడంకి 52 ఏళ్లు, జీతం 19,000. రొమ్ము క్యాన్సర్ అని తేలింది, హెర్2 పాజిటివ్ (కణాల మీద హెర్2 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉండే రకం). హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి 11 లక్షలు అవుతుందని కాగితం రాసిచ్చింది. టెన్త్ బ్యాచ్‌ల వాళ్లంతా కలిసి ఆ 11 లక్షలు పోగుచేయాలని అనుకుంటున్నారు. ఎవరి ఖాతాలో వేయించాలి, వెబ్‌సైట్ పెట్టాలా, అమెరికాలో ఉన్నవాళ్ల దగ్గర ఎలా తీసుకోవాలి, పన్ను పడుతుందా అని అడిగారు.

11 లక్షల పోస్టర్ ఇంకా గ్రూపుల్లోకి వదలకపోతే ఒక వారం ఆగండి. అది ఆసుపత్రి చెప్పిన మొత్తం ఖర్చు. మీరు పోగుచేయాల్సింది లోటు. రెండింటికీ చాలా తేడా ఉంటుంది. పెద్ద అంకె చూసి జనం బెదిరిపోతారు, "నేనిచ్చే 500 ఏ మూలకి" అనుకుని ఊరుకుంటారు. పైగా సగం వైద్యం ఆరోగ్యశ్రీలో జరిగిందని తర్వాత తెలిస్తే, ఇచ్చినవాళ్లే "మరి మా డబ్బులేమయ్యాయి" అని అడుగుతారు. అడగడంలో తప్పు లేదు కూడా.

ఆసుపత్రి కాగితాన్ని ముందు విడగొట్టండి. మీరు పెట్టిన లెక్క ప్రకారం కీమో 2,40,000, ఆపరేషన్ 2,20,000, రేడియేషన్ 1,60,000, ట్రాస్టుజుమాబ్ (హెర్2 రకానికి వాడే మందు) ఇంజెక్షన్లు 18, ఒక్కోటి 20,000 చొప్పున 3,60,000, స్కాన్లూ పరీక్షలూ మిగతావీ 1,20,000. ఇందులో మొదటి మూడూ, అంటే 6,20,000, ఆరోగ్యశ్రీలో మామూలుగా జరిగే పనులే. తెలంగాణలో పథకం పరిమితి 2023 డిసెంబర్ నుంచి ఏడాదికి కుటుంబానికి 10 లక్షలు. మేడం ఇంట్లో ఆహార భద్రత కార్డు ఉందా, అందులో ఆమె పేరు ఉందా అన్నది ఈరోజే చూడండి. కార్డు లేకపోతే, ఆదాయం పట్టణాల్లో ఏడాదికి 2 లక్షలు, పల్లెల్లో లక్షన్నర లోపు ఉండాలన్న నిబంధన ఉంది. 19,000 జీతం అంటే ఏడాదికి 2,28,000. ఈ దారి మూసుకుపోవచ్చు, అందుకే కార్డు ఉందో లేదో ముందు తేల్చుకోమంటున్నాను. ఆంధ్రలో ఉండి ఇది చదివేవాళ్లకి: అక్కడ ఇదే పథకం డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది, అర్హత నిబంధనలు వేరు.

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది. కంగారులో మొదటి కీమో సొంత డబ్బుతో చేయించేసి, తర్వాత ఆరోగ్యశ్రీ కాగితాలు పట్టుకుని వెళ్తారు. ఈ పథకంలో ముందస్తు అనుమతి వచ్చాకే చికిత్స మొదలవ్వాలి. చేతి నుంచి కట్టిన బిల్లులు వెనక్కి రావు. కాబట్టి ఆ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర (ఈ పథకం పనులు చూసే ఉద్యోగి) కౌంటర్ ఉందా, ఉంటే క్యాన్సర్ విభాగం కూడా నెట్‌వర్క్‌లో ఉందా అని అడగండి. ఎముకల ఆపరేషన్లకు నెట్‌వర్క్‌లో ఉండి క్యాన్సర్‌కు లేని ఆసుపత్రులు ఉంటాయి. ఇంజెక్షన్ పేరు ట్రాస్టుజుమాబ్ అని స్పష్టంగా చెప్పి, అది ప్యాకేజీలో వస్తుందా అని విడిగా అడగండి. "కీమో వస్తుంది" అన్న జవాబుతో సరిపెట్టుకోకండి. కాగితాలకు కొన్ని రోజులు పడితే పర్వాలేదా అన్నది డాక్టర్నే అడగాలి, గ్రూపులో ఓటింగ్ పెట్టే విషయం కాదు.

ఆ ఆసుపత్రి నెట్‌వర్క్‌లో లేకపోతే? మారడం గురించి నిజంగా ఆలోచించండి. హైదరాబాద్‌లో రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రం. రద్దీ ఎక్కువ, క్యూలు ఎక్కువ, కానీ రొమ్ము క్యాన్సర్‌కి ఇచ్చే మందుల వరస ఎక్కడైనా దాదాపు ఒకటే. ఆంధ్రవాళ్లకి విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా ఆసుపత్రి ఉంది. మారాలనుకుంటే కీమో మొదలుకాక ముందే మారడం మేలు. మధ్యలో మారితే గడ్డ ముక్క పరీక్ష తాలూకు స్లైడ్లు, బ్లాకులు, స్కాన్ సీడీలు అన్నీ వెంట తీసుకెళ్లాలి, కొన్ని పరీక్షలు మళ్లీ చేయమంటారు. రేడియేషన్ అయితే ప్లానింగ్ జరిగిన చోటే పూర్తిచేయాలి. ఏ నిర్ణయమైనా మేడందీ ఇంటివాళ్లదీ. పూర్వ విద్యార్థులు సమాచారం తెచ్చిపెట్టడం వరకే.

రెండో తలుపు ఈఎస్ఐ, అంటే ఉద్యోగులకు ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా. దీన్ని స్కూళ్లలో ఎవరూ పట్టించుకోరు. జీతం నెలకు 21,000 లోపు ఉండి, స్కూల్లో 10 మందికి తక్కువ కాకుండా సిబ్బంది ఉంటే ఈఎస్ఐ వర్తించాలి. ఉద్యోగి వాటా 0.75 శాతం, యాజమాన్యం వాటా 3.25 శాతం. మేడం పే స్లిప్‌లో ఆ కోత ఉందేమో చూడండి. ఉంటే సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రి దారి తెరుచుకున్నట్టే. ఇంకా పెద్ద సంగతి జీతం. మామూలు సిక్‌నెస్ బెనిఫిట్ ఏడాదిలో 91 రోజులకు 70 శాతం. క్యాన్సర్ లాంటి దీర్ఘ వ్యాధులకు, రెండేళ్ల సర్వీసూ సరిపడా చందా రోజులూ ఉంటే, ఆ తర్వాత కూడా 80 శాతం చొప్పున రెండేళ్ల వరకు ఇచ్చే ఏర్పాటు ఉంది. 19,000 జీతం మీద అది నెలకు 15,000 పైమాటే. మీ చందాల్లో అంత స్థిరంగా వచ్చేది ఏదీ ఉండదు. కోత లేదు కాబట్టి ఇప్పుడు పేరు ఎక్కించి వెంటనే పెద్ద వైద్యం చేయిద్దాం అంటే మాత్రం కుదరదు, దానికి చందా కాలం నిండాలి.

పీఎఫ్ ఉంటే ఫారం 31 మీద అనారోగ్యం కారణం చూపి అడ్వాన్సు తీసుకోవచ్చు. తిరిగి కట్టక్కర్లేదు, ఉమంగ్ యాప్‌లోనే పెట్టవచ్చు. ఆగిపోయేది ఒక్కచోట: ఆధార్‌లో "లక్ష్మీ" అని, పీఎఫ్‌లో "లక్ష్మి" అని ఉంటుంది, లేదా పుట్టిన తేదీ స్కూలు గుమాస్తా ఉజ్జాయింపుగా వేసి ఉంటాడు. సవరణకు కొన్నిసార్లు యాజమాన్యం సంతకం, కొన్ని వారాల సమయం కావాల్సి వస్తుంది. అవసరం పడ్డాక కాదు, ఇప్పుడే లాగిన్ అయి చూసుకోమనండి. పాత ఎల్ఐసీ పాలసీల్లో క్రిటికల్ ఇల్‌నెస్ రైడర్ (పెద్ద జబ్బు వస్తే డబ్బిచ్చే అదనపు కవర్) ఉందేమో, భర్త ఆఫీసు గ్రూపు ఇన్సూరెన్సులో భార్య పేరు ఉందేమో కూడా అప్పుడే చూడాలి. మేడం ప్రభుత్వ టీచర్ అయ్యుంటే హెల్త్ కార్డు, మెడికల్ రీయింబర్స్‌మెంటు, సెలవు జీతం ఉంటాయి. అది వేరే కథ.

ఇవన్నీ సర్దాక లెక్క ఇలా మారుతుంది. 11,00,000లో ఆరోగ్యశ్రీ 6,20,000 పోతే మిగిలేది 4,80,000. దీనికి ఆసుపత్రి కాగితంలో ఎప్పుడూ ఉండనివి కలపాలి: హైదరాబాద్ రానుపోను, గది అద్దె, తోడు వచ్చేవాళ్ల తిండి, కీమో తర్వాత తెల్లకణాలు పడిపోతే వేసే ఇంజెక్షన్లు, జ్వరం వచ్చి రాత్రికి రాత్రి అడ్మిట్ కావడం, ట్రాస్టుజుమాబ్ నడిచినన్నాళ్లూ మూడు నెలలకోసారి గుండెకు ఎకో. వీటికి 1,20,000 వేసుకుందాం. మొత్తం 6,00,000. ఇంటివాళ్లు 1,00,000, పీఎఫ్ 70,000, స్కూలు యాజమాన్యం 50,000 సర్దితే లోటు 3,80,000. అనుకోని ఖర్చుకు 15 శాతం కలిపితే సుమారు 4,40,000. పోస్టర్ మీద ఉండాల్సింది ఈ అంకె. ఆరోగ్యశ్రీ అస్సలు రాకపోతే 6,20,000 మళ్లీ కలుస్తుంది, అప్పుడు ఆసుపత్రి మార్పు గురించి పై పేరా ఇంకోసారి చదవండి.

ప్రయాణం ఖర్చు తగ్గించే రెండు మాటలు. క్యాన్సర్ రోగులకు చికిత్స కోసం వెళ్లిరావడానికి రైల్లో స్లీపర్, థర్డ్ ఏసీల్లో పూర్తి రాయితీ, తోడు వెళ్లేవాళ్లకు 75 శాతం ఉంటుంది. ఆసుపత్రి సంతకం చేసిన ఫారం కౌంటర్లో ఇవ్వాలి. ఇక ఏడాదిపాటు నడిచే ఇంజెక్షన్ల కోసం ప్రతిసారీ హైదరాబాద్ రావాల్సిన పనిలేకపోవచ్చు. కొన్ని జిల్లా ఆసుపత్రుల్లో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు మొదలయ్యాయి. అక్కడ ఎక్కించడానికి వీలుందా అని డాక్టర్ని అడగండి.

ఇంజెక్షన్ దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే మీ లోటులో సింహభాగం అదే. మూడు వారాలకోసారి ఇచ్చే పద్ధతిలో మొదటి డోసు కిలో బరువుకు 8 మిల్లీగ్రాములు, తర్వాతవి 6. మేడం 60 కిలోలు ఉంటే మొదటిది 480, మిగతావి 360. మార్కెట్‌లో 440, 150 మిల్లీగ్రాముల వయల్స్ (మందు సీసాలు) దొరుకుతాయి. 360 కోసం 440 వయల్ తెరిస్తే 80 మిగులుతుంది. 440 వయల్‌తో వచ్చే ప్రత్యేక నీటిలో కలిపితే 28 రోజుల వరకు ఫ్రిజ్‌లో నిలవుంటుంది, అందుకే ఆ మిగిలినది తర్వాతి డోసుకు వాడతారా, పారేస్తారా, పూర్తి వయల్‌కే బిల్లు వేస్తారా అని ఫార్మసీలో అడగాలి. ఇంట్లో దాచే ప్రయోగాలు వద్దు, అది ఆసుపత్రి చేతిలోనే ఉండాలి. ఈ మందుకు మన దేశంలోనే తయారయ్యే బయోసిమిలర్లు (అసలు మందుకు దాదాపు సమానంగా వేరే కంపెనీలు చేసేవి) చాలా ఉన్నాయి, ధరల్లో తేడా పెద్దది. "మీరు లెక్క వేసింది ఏ కంపెనీది? ఇంకోటి వాడవచ్చా?" అని అడగడం మర్యాదతక్కువ ఏమీ కాదు. తక్కువ ధరకు మందులమ్మే ప్రభుత్వ అమృత్ ఫార్మసీ ధర కూడా కనుక్కోండి. డాక్టర్ ఒప్పుకుంటే ఒక్కో డోసు మీద తగ్గేది 18తో గుణించండి. కంపెనీ మార్చాలా వద్దా అన్నది మాత్రం డాక్టర్ మాటే.

ఇంకో సంగతి, చందాల తేదీలకు పనికొచ్చేది. మొదట ఇచ్చే ఏసీ కీమోతో (అడ్రియామైసిన్, సైక్లోఫాస్ఫమైడ్ అనే రెండు మందుల జంట) కలిపి ట్రాస్టుజుమాబ్ ఇవ్వరు, ఏసీ, ట్రాస్టుజుమాబ్ రెండూ గుండె మీద భారమే. నాలుగు ఏసీ సైకిళ్లు మూడు వారాల తేడాతో అయ్యాక, టాక్సేన్ అనే మరో రకం కీమోతో పాటు మొదలుపెడతారు. మేడంకి రాసిన ప్లాన్ ఇదే అయితే ఇంజెక్షన్ డబ్బు మొదటి మూడు నెలలు అవసరం లేదు. ఆ తర్వాత 21 రోజులకోసారి 20,000 చొప్పున ఏడాది పొడుగునా కావాలి. అంటే నెలకు దాదాపు 29,000.

ఇక్కడే చాలా గ్రూపులు దెబ్బతింటాయి. మొదటి వారం ఊపులో రెండు లక్షలు వస్తాయి, టీవీ సీరియల్ మొదటి ఎపిసోడ్‌లా అందరూ చూస్తారు. ఆరో నెలలో, జుట్టు ఊడి రేడియేషన్ నడుస్తున్నప్పుడు, గ్రూపులో గుడ్ మార్నింగ్ ఫొటోలు తప్ప ఏమీ ఉండవు. అందుకే ఒకేసారి 5,000 ఇచ్చేవాళ్ల కోసం వెతికే బదులు నెలకు 500 ఇచ్చే 60 మందిని పట్టుకోండి. 60 మంది, 13 నెలలు, 500 చొప్పున 3,90,000. మిగతా 50,000 ఒకేసారి ఇచ్చేవాళ్ల దగ్గర వస్తుంది. అరవై మందీ చివరిదాకా నిలబడరు, కాబట్టి 75 మందితో మొదలుపెట్టండి. నెట్ బ్యాంకింగ్‌లో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ (నెలనెలా డబ్బు దానంతట అదే వెళ్లే ఏర్పాటు) పెట్టించండి, తేదీ 5. జీతాలు పడి, ఈఎంఐలు పోయి, ఇంకా చేతిలో ఉండే రోజు అది. "నెలనెలా గుర్తుచేయండి అన్నా, వేసేస్తా" అన్నవాళ్లలో ఎక్కువమంది మూడో నెలకే మానేస్తారు.

మనుషులు. ముగ్గురు చాలు, ఐదుగురు మించొద్దు. ఒకరు మేడం ఊళ్లోనే ఉండి ఆసుపత్రి కాగితాలు చూసేవాళ్లు. ఒకరు లెక్కలు. ఒకరు బ్యాచ్‌లతో మాట్లాడేవాళ్లు. వాట్సాప్ గ్రూపులో 1,024 మంది వరకు పడతారు గానీ అలాంటి మహా గ్రూపులో ఎవరికీ బాధ్యత ఉండదు. 2003 బ్యాచ్ వాళ్లని 2003 బ్యాచ్ వాడే అడగాలి, పేరు పెట్టి, ఫోన్ చేసి. ఒక్కో బ్యాచ్‌కు ఒక మనిషి, ఆయన చేతిలో ఎనిమిది మంది నెలవారీ దాతలు. పది బ్యాచ్‌లు దొరికితే మీ పని అయిపోయినట్టే. బహిరంగ పోస్టు పెట్టే ముందే ఇలా ఒక ఇరవై మందిని ఖాయం చేసుకోండి. ఖాళీ జాబితాలో మొదటి పేరు రాయడానికి జనం జంకుతారు. ఇప్పుడు స్కూల్లో చదువుతున్న పిల్లల చేత డబ్బాలు పట్టించడం, ఒక్కో పిల్లాడూ 100 తేవాలని చెప్పడం మాత్రం వద్దే వద్దు. మేడంకి తెలిస్తే ముందు ఆమే ఒప్పుకోదు.

ఒప్పుకోవడం అంటే గుర్తొచ్చింది, ఆమె అనుమతి రాతలో తీసుకోండి. చాలామంది టీచర్లకు పిల్లల ముందు చెయ్యి చాచినట్టు అనిపిస్తుంది. ఏ రోగమో చెప్పొచ్చా, ఏ ఫొటో వాడొచ్చా, ఊరి పేరు వేయొచ్చా, డబ్బు మిగిలితే ఏం చేయాలి, ఈ నాలుగింటికీ ఒక పేజీలో జవాబులు, కింద సంతకం. ఫొటో అయితే స్కూలు గ్రూప్ ఫొటోలోది, చీరలో నవ్వుతూ ఉన్నదే వాడండి. సెలైన్ గొట్టాల ఫొటో ఒక్కసారి గ్రూపుల్లో పడితే పదేళ్లయినా తిరుగుతూనే ఉంటుంది. రిపోర్టులు పెట్టాల్సి వస్తే ఆధార్ నంబరు, ఫోను, యూహెచ్ఐడీ (ఆసుపత్రి రోగికిచ్చే నంబరు) నల్లగా కప్పేయండి.

ఖాతా సంగతి. మీలో ఎవరి సొంత ఖాతాలోనూ వేయించుకోవద్దు. పన్ను వాళ్ల మెడకు చుట్టుకుంటుంది, మాటా పడతారు. మేడం, ఆమె భర్తో కూతురో కలిసి కొత్త సేవింగ్స్ ఖాతా తెరవండి, ఇద్దరిలో ఎవరైనా నడిపేలా. జీతం పడే ఖాతా వాడితే నూనె ప్యాకెట్ ఖర్చూ ఇంజెక్షన్ ఖర్చూ కలిసిపోయి లెక్క తేలదు. పాత చిన్న ఖాతా, అంటే పూర్తి కేవైసీ లేకుండా తెరిచింది, అస్సలు పనికిరాదు. అందులో ఏడాదికి లక్ష రూపాయల జమ, 50,000 నిల్వ దాటకూడదు. ఖాతా తెరిచిన రోజే బ్రాంచి మేనేజర్‌ని కలిసి, చికిత్స కోసం చాలామంది నుంచి చిన్న మొత్తాలు వస్తాయని ఉత్తరం ఇచ్చి, ఆసుపత్రి ఎస్టిమేటు జత చేయండి. ఎందుకంటే ముక్కూమొహం తెలియనివాళ్ల నుంచి ఒక్కసారిగా వందల జమలు పడితే బ్యాంకు వ్యవస్థ అనుమానిస్తుంది. పంపినవాళ్లలో ఒకరి ఖాతా ఏదో సైబర్ ఫిర్యాదులో ఇరుక్కుని ఉంటే, ఆ డబ్బు చేరిన మన ఖాతా కూడా స్తంభించే ప్రమాదం ఉంది. కీమో తేదీకి ముందురోజు అలా జరిగితే నరకం. అందుకే ఖాతాలో రెండు డోసుల డబ్బు మించి ఉంచకండి, వచ్చినది వచ్చినట్టు ఆసుపత్రికి నెఫ్ట్ చేసి, రిమార్క్స్‌లో యూహెచ్ఐడీ రాసి, రసీదు తీసుకోండి. ఆసుపత్రి దగ్గర కూడా ఏడాది డబ్బు ఒకేసారి అడ్వాన్సు కట్టొద్దు. చికిత్స మారితే ఆ డిపాజిట్ వెనక్కి రాబట్టడం ఒక ఉద్యోగం అవుతుంది.

25,000 దాటి ఇచ్చేవాళ్లని నేరుగా ఆసుపత్రి ఖాతాకే కట్టమనండి. నగదు ఇచ్చేవాళ్లు ఊళ్లో తప్పక ఉంటారు. నంబర్లున్న రసీదు పుస్తకం, ఇద్దరి సంతకాలు, మర్నాటికల్లా బ్యాంకులో జమ. ఒకరి దగ్గర ఒక రోజులో, లేదా ఒకే వ్యవహారం కింద, 2 లక్షలు గానీ అంతకు పైన గానీ నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నిషేధం. ఆసుపత్రి కూడా తీసుకోదు.

పన్ను: బంధువులు కానివాళ్ల నుంచి ఏడాదిలో వచ్చిన మొత్తం 50,000 దాటితే, దాటిన భాగం కాదు, మొత్తం ఆదాయంగా లెక్క. ఒక్కొక్కరు 500 ఇచ్చారు కదా అంటే కుదరదు, అన్నీ కలిపే చూస్తారు. జబ్బు కోసం ఇచ్చారన్న సాధారణ మినహాయింపు లేదు. కానీ భయపడాల్సిందీ లేదు. మేడం జీతం 2,28,000, చందాలు 4,40,000 ఒకే ఏడాదిలో వచ్చినా 7 లక్షల లోపే. కొత్త విధానంలో 12 లక్షల వరకు రిబేటుతో పన్ను సున్నా అవుతుంది. రిటర్ను మాత్రం వేయాలి, ఆ అంకె చూపించాలి. నేరుగా ఆసుపత్రికి కట్టిన డబ్బుతో ఈ చిక్కు చాలావరకు రాదు. ఇచ్చినవాళ్లకు 80జీ (విరాళం మీద పన్ను మినహాయింపు) రాదు, అది రిజిస్టరైన ట్రస్టుకు ఇస్తేనే. ఎవరైనా "80జీ రసీదు ఇప్పిస్తాం, మా ట్రస్టు ద్వారా తిప్పండి, పది శాతం మాది" అంటే దండం పెట్టి వచ్చేయండి.

అమెరికా బ్యాచ్: ముందు పాస్‌పోర్టు అడగండి. భారత పౌరులే అయితే, హెచ్1బీలో ఉన్నా గ్రీన్ కార్డున్నా, సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. ఇక్కడి ఎన్ఆర్ఓ ఖాతా (విదేశాల్లో ఉండే భారతీయులకు ఇక్కడుండే రూపాయి ఖాతా) నుంచి పంపితే ఇంకా తేలిక. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డున్నా (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చేది) సరే, విదేశీ విరాళాలను నియంత్రించే ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం దృష్టిలో విదేశీయులే. మేడం సొంత తమ్ముడు అక్కడి పౌరుడైతే ఫర్వాలేదు, బంధువుల నుంచి ఏడాదికి 10 లక్షల వరకు ప్రభుత్వానికి చెప్పకుండానే తీసుకోవచ్చు. శిష్యులు బంధువులు కారు. వాళ్ల డబ్బు మేడం ఖాతాలో వేయించకుండా, విదేశీ చెల్లింపులు తీసుకునే ఏర్పాటున్న క్రౌడ్‌ఫండింగ్ (ఆన్‌లైన్‌లో చందాలు పోగుచేసే) ప్లాట్‌ఫారం ద్వారానే ఇప్పించండి. "అందరం జెల్ యాప్‌లో నాకు పంపేస్తే నేనొక్కడినే ఇండియాకి వేసేస్తా" అని ఒకరు తప్పకుండా అంటారు. ఆ కుప్పలో విదేశీ పౌరుల డబ్బు ఉంటే అది ఆయన సొంత సంపాదన కాదు, సమస్య మళ్లీ మొదటికే వస్తుంది.

మిలాప్, కెటో, ఇంపాక్ట్‌గురు లాంటి క్రౌడ్‌ఫండింగ్ సైట్లు అవసరమా? 4,40,000 లోటుకు, పది బ్యాచ్‌లు చేతిలో ఉంటే, నా ఉద్దేశంలో అక్కర్లేదు, పై విదేశీ డబ్బుకు తప్ప. మేడంని ఎరగనివాళ్ల దగ్గరికి కూడా వెళ్లాల్సి వస్తేనే వాటి ఉపయోగం. పెట్టేట్టయితే మూడు చూడండి: ప్లాట్‌ఫారం ఫీజు ఎంత, పేమెంట్ గేట్‌వే చార్జీ దాని మీద జీఎస్టీ ఎంత, ప్రకటనలు మేమే ఇస్తాం అనే ప్యాకేజీకి ఎంత కోస్తారు. "ఫీజు సున్నా" అన్న చోట దాత దగ్గర టిప్పు అడుగుతారు, ముందే ఒక శాతం టిక్ పెట్టి ఉంటుంది. దాన్ని తీసేయవచ్చని మీ వాళ్లకి చెప్పండి. డబ్బు విడుదలకు బిల్లులు అడుగుతారు, ఆసుపత్రికి ఫోన్ చేసి నిర్ధారించుకుంటారు. కాబట్టి కట్టాల్సిన తేదీకి ముందురోజు కాకుండా వారం ముందే విత్‌డ్రాయల్ పెట్టండి.

ముఖ్యమంత్రి సహాయ నిధి. ఆరోగ్యశ్రీలో రాని ఖర్చుకు, డిశ్చార్జి అయ్యాక ఒరిజినల్ బిల్లులతో, ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా. తెలంగాణలో 2024 నుంచి ఆన్‌లైన్‌లో పెడుతున్నారు. కొంతే వస్తుంది, ఆలస్యంగా వస్తుంది, కాబట్టి లోటులోంచి దాన్ని ముందే తీసేయకండి. దొంగ బిల్లుల కేసుల తర్వాత తనిఖీ గట్టిగా ఉంది. బిల్లు నంబరు, ఆసుపత్రి ముద్ర, డిశ్చార్జి తేదీ ఒకదానికొకటి సరిపోవాలి. ఒరిజినల్స్ ఇన్సూరెన్సు వాళ్లూ అడుగుతారు, సహాయ నిధి వాళ్లూ అడుగుతారు. ఇన్సూరెన్సు ఏదైనా ఉంటే ముందు దానికి పెట్టి, ఎంత ఇచ్చారో రాసిన సెటిల్‌మెంటు ఉత్తరం తీసుకుని, మిగతా దానికి ఇక్కడ పెట్టాలి. ఇవ్వబోయే ముందు ప్రతి కాగితం స్కాన్ చేసి, ఆసుపత్రి ముద్రతో నకలు పెట్టుకోండి. చెక్కు రోగి పేరు మీద వస్తుంది, తేదీ నుంచి మూడు నెలలే చెల్లుతుంది. తెచ్చినాయన బీరువాలో పెట్టి మరిచిపోకుండా చూడండి. ప్రధానమంత్రి సహాయ నిధికి అయితే చికిత్సకు ముందే, ఆసుపత్రి ఎస్టిమేటుతో దరఖాస్తు చేయాలి, డబ్బు నేరుగా ఆసుపత్రికి వెళ్తుంది. ఇవి కాక ఆసుపత్రిలోని మెడికల్ సోషల్ వర్కర్‌ని తప్పక కలవండి. టాటా ట్రస్టులు, ఇండియన్ క్యాన్సర్ సొసైటీ లాంటి వాటి సాయానికి దారి చాలాసార్లు ఆ గదిలోంచే.

గ్రూపులో పెట్టే సందేశం ఇలా ఉంటే చాలు:

"నమస్తే. మనకు హిందీ చెప్పిన మేడం క్యాన్సర్‌కి చికిత్స తీసుకుంటున్నారు. ఆపరేషన్, కీమో, రేడియేషన్ ఆరోగ్యశ్రీలో జరుగుతున్నాయి. అందులో రాని ఇంజెక్షన్లు 21 రోజులకొకటి చొప్పున 18 కావాలి, ఒక్కోటి 20,000. ఇంటివాళ్లు, స్కూలు, పీఎఫ్ సర్దింది పోగా మనం చూసుకోవాల్సింది 4,40,000. నెలకు 500 చొప్పున 13 నెలలు ఇవ్వగలిగితే మీ బ్యాచ్ ప్రతినిధికి చెప్పండి. క్యూఆర్ స్కాన్ చేశాక మేడం పేరు కనిపిస్తేనే పంపండి. లెక్క ప్రతి నెల 10న ఇక్కడే పెడతాం. దయచేసి మేడంకి ఫోన్ చేయకండి, కింద ఉన్న ఇద్దరిలో ఎవరినైనా అడగండి."

పేరు చూసి పంపమనడం ఊరికే కాదు. పోస్టర్ బాగా తిరిగితే, దాన్నే కాపీ చేసి క్యూఆర్ మార్చి వదిలే దొంగలు ఉంటారు. అలాంటిది కనిపిస్తే వెంటనే 1930కి ఫిర్యాదు చేసి, గ్రూపుల్లో అసలు పేరు మళ్లీ చెప్పండి.

లెక్కకి ఒక గూగుల్ షీట్ చాలు: తేదీ, బ్యాచ్, యూటీఆర్ (బ్యాంకు బదిలీ నంబరు) చివరి నాలుగు అంకెలు, మొత్తం. పక్క పేజీలో ఖర్చు: తేదీ, బిల్లు నంబరు, దేనికి, ఎంత. పేరు పక్కన మొత్తం వేయకండి. ఫలానా వాడు 50,000 ఇచ్చాడని కనిపిస్తే 500 ఇచ్చేవాడు సిగ్గుపడి ఆగిపోతాడు, మీకు కావాల్సింది ఆ 500 వాడే. ప్రతి నెల 10న రెండు లైన్లు: ఎన్నో ఇంజెక్షన్ అయింది, ఎంత మిగిలింది. ఆరోగ్యం వివరాలు మేడం చెప్పమన్నంత వరకే.

డబ్బు మిగిలితే ఏం చేయాలో మొదటి సందేశంతోనే చెప్పేయండి. చికిత్స అయ్యాక ఏడాదిపాటు చెకప్‌లకు ఉంచి, తర్వాత కూడా మిగిలితే మేడం సంతకం చేసిన పేజీలో రాసినట్టు చేయడం తేలిక. జరగరానిది జరిగితే ఖాతాలో ఉన్నది చట్టప్రకారం కుటుంబానిదే. అప్పుడు ముందు ఆసుపత్రి బాకీ తీర్చి, మిగిలింది వాళ్లకే వదిలేస్తామని ముందే రాసుకోండి. నెలవారీ 500 పెట్టినవాళ్లకు స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఆపుకోమని ఆ వారంలోనే చెప్పాలి, అది దానంతట అది ఆగదు.